కాలేజీకి ఒక మనిషి

కొత్తగరువు కమ్యూనిటీ కాలేజీకి పై నుంచి వచ్చే ఉత్తర్వుల్లో అర్థమయ్యేవి తక్కువ. అర్థమై, పైగా మంచివి కూడా అయినవి ఇంకా తక్కువ. అలాంటిది ఒకటి ఆ ఏడాది నవంబరులో వచ్చింది. "యంత్రము తీసుకొను ఏ నిర్ణయమైనను, ఆ యంత్రముతో ఎట్టి సంబంధమును లేని ఒక మనిషి స్వయముగా చూచి సంతకము చేసిన పిమ్మటనే అమలు కావలెను" అని అందులో ఉంది. ప్రిన్సిపాలు డాక్టర్ విశ్వపతి గారు దాన్ని రెండుసార్లు చదివారు. ఎక్కడా తప్పు దొరక్కపోవడంతో ఆయనకు కాస్త కంగారు పుట్టింది.

ఆ ఉత్తర్వు చూసి మనస్ఫూర్తిగా సంతోషపడింది కాలేజీ మొత్తానికి ఒక్కరే. ఆమె పేరు మజ్జి పైడితల్లి. అక్కడ సాంకేతిక నైతికత అనే డిప్లొమా రెండో ఏడు చదువుతోంది. మిషన్లు చేసే పనుల్లో ఏది న్యాయం, ఏది అన్యాయం అని తేల్చే చదువు అది. రెండేళ్లు ఇక్కడ చదివితే పట్నంలోని విశ్వవిద్యాలయంలో నేరుగా మూడో ఏటికి వెళ్లిపోవచ్చు. కొత్తగరువుకి ఏటా ఇచ్చేది ఒక్కటే సీటు. ముప్ఫై అయిదేళ్లు నిండితే ఇవ్వరు. పైడితల్లికి వచ్చే ఆగస్టుకి నిండుతాయి. వచ్చే జూన్ దాటితే ఆ సీటు ఆమెకు ఎప్పటికీ లేదు.

ఈ వయసులో ఈ చదువు పిచ్చేమిటని వీధిలో వాళ్లు అడుగుతూనే ఉండేవాళ్లు. దానికి కారణం ఆమె అత్త సూరమ్మ బొటనవేలు. సూరమ్మ నలభై ఏళ్లు జీడిపిక్కల ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టింది. ఆ పిక్క తొక్కలోంచి కారే జిడ్డు చేతుల్ని తినేస్తుంది. వేళ్ల మీది గీతలన్నీ అరిగి నున్నగా అయిపోయాయి. ఒక రోజు రేషను షాపులో వేలు పెడితే, అలాంటి మనిషే లేదంది మిషను. డీలరు మంచివాడే. "నువ్వున్నావని నాకు తెలుసు పిన్నీ. దానికి తెలీట్లేదు. నానేటి సేత్తాను?" అన్నాడు. మూడు నెలలు బియ్యం ఇవ్వలేదు. ఎవరు వద్దన్నారని పైడితల్లి అడిగితే డీలరు మిషనును చూపించాడు. మండలాఫీసుకి వెళ్లి అడిగితే అక్కడివాళ్లు ఇంకో మిషనును చూపించారు. ఎవరో ఒకరు కళ్లతో చూడాలి కదా అన్న మాట అప్పటినుంచీ ఆమెను వదల్లేదు. ఆమె కూడా అదే ఫ్యాక్టరీలో పన్నెండేళ్లు చేసింది. పని మానేసి, ముప్ఫై రెండేళ్ల వయసులో పుస్తకాలు కొనుక్కుంది.

ఇప్పుడు, చూడండి, ప్రభుత్వమే ఆ మాట కాగితం మీద పెట్టి పంపింది. పైడితల్లి ఆ పూట క్లాసులో అందరికీ బెల్లం ముక్కలు పంచింది.

ఉత్తర్వు అమలుకి కమిటీ వేశారు. దాన్ని నడిపించింది ఆఫీసు సూపరింటెండెంటు సన్యాసప్పారావు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఏ ఫైలునూ ఆపనివాడు, ఏ ఫైలునూ చదవనివాడు అని ఆయనకు పేరు. అసలు నిర్ణయాలు తీసుకునే యంత్రాలు ఏవేవి అన్నది మొదటి ప్రశ్న. కంప్యూటరు విషయంలో ఎవరికీ తగాదా లేదు. హాజరు మిషను దగ్గరా లేదు. అంతలో లైబ్రేరియను గారు మంచినీళ్ల కూలరు సంగతి ఎత్తారు. నీళ్లు చల్లబడగానే అది తనంతట తానే ఆగిపోతుంది కదా, ఇక చాలు అని అనుకున్నదెవరు అన్నారు. ప్రిన్సిపాలు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "చాలు అనుకొనుట నిస్సందేహముగా నిర్ణయమే" అని తేల్చారు.

ఆ తర్వాత ఆగలేదు. టైము చూసుకుని కొట్టే కరెంటు బెల్లు చేరింది. కరెంటు పోగానే మేలుకునే ఇన్వర్టరు చేరింది. నాలుగో గదిలో ట్యూబులైటు ఒకటుంది, దానికి బుద్ధి పుట్టినప్పుడే వెలుగుతుంది. ఈ కాలేజీలో అందరికన్నా స్వతంత్రంగా నిర్ణయం తీసుకునేది అదేనని ఫిజిక్సు మాస్టారు గట్టిగా వాదించి చేర్పించారు. ఫ్యాన్లను మాత్రం వాటి వేగం మనుషులే తిప్పుతారని వదిలేశారు. రెండో గది ఫ్యానుకి రెగ్యులేటరు ఊడిపోయింది కనుక దాన్ని వదల్లేదు. మొత్తం నూట పద్నాలుగు తేలాయి.

రెండో ప్రశ్న, మనిషి ఎవరు? ఇక్కడ కమిటీ మూడు రోజులు కూర్చుంది. ఎట్టి సంబంధమును లేని అని ఉత్తర్వులో స్పష్టంగా ఉంది. ప్రిన్సిపాలు గారి జీతం కంప్యూటరే వేస్తుంది కాబట్టి ఆయన పనికిరారు. లెక్చరర్లందరూ రోజూ హాజరు మిషనులో వేలు పెట్టేవాళ్లే, వేలిచ్చాక సంబంధం లేదంటే కుదరదు. అటెండరుదీ, తోటమాలిదీ, ఆఖరికి విద్యార్థులందరిదీ అదే కథ. సన్యాసప్పారావు తన పేరు తనే కొట్టేసుకున్నాడు. జాబితా అంతా కొట్టివేతలతో నిండిపోయాక అడుగున ఒక్క పేరు మిగిలింది. ఫ్యాక్టరీ పనికి తన వేళ్లూ అరిగిపోయి, చేరిన రోజున ఎన్నిసార్లు పెట్టించినా మిషను ఒప్పుకోని పైడితల్లి, ఏడాదిన్నరగా ఒక నోటు పుస్తకంలో సంతకం పెట్టి క్లాసుకి పోతోంది. కాలేజీలో ఉన్న ఏ యంత్రానికీ ఆమె ఉన్నట్టు తెలియదు.

మర్నాడు ఆఫీసు ఆర్డరు వచ్చింది. "శ్రీమతి మజ్జి పైడితల్లి గారిని తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు ఈ కళాశాలకు మనిషిగా నియమించడమైనది. ఆమె తక్షణమే విధులలో చేరి, చేరినట్లు తెలియజేయవలెను." మెట్ల కింద బల్ల, కుర్చీ వేశారు. బల్ల మీద మనిషి అని రాసిన చెక్క పలక పెట్టారు. రబ్బరు స్టాంపు కూడా చేయించారు. నిన్నటి దాకా ఏమ్మా అని పిలిచిన ప్రిన్సిపాలు గారు ఆ రోజునుంచి పైడితల్లి గారూ అనడం మొదలుపెట్టారు.

ఆమెకు ఎంత గర్వం వేసిందంటే, ఇంటికెళ్లి స్టాంపును అత్త చేతిలో పెట్టి చూపించింది. చదువుకుంటున్నది ఇదే, చేస్తున్నదీ ఇదే అని మురిసిపోయింది.

పని మొదలయ్యాక గాని అందులో లోతెంతో తెలియలేదు. సాయంత్రం నాలుగింటికి బెల్లు కొట్టింది, ఎవరూ లేవలేదు. బెల్లు తీసుకున్నది నిర్ణయం మాత్రమే, అది అమలు కావాలంటే మనిషి చూడాలి. పైడితల్లి చేతి గడియారం చూసి సంతకం పెట్టబోయింది. సన్యాసప్పారావు చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. గడియారమూ యంత్రమే, యంత్రం చెప్పినదానికి యంత్రాన్నే సాక్ష్యం తెస్తే ఆడిట్లో ఒప్పుకోరన్నాడు. అందుకని ఆమె రోజూ బయటికి వెళ్లి జెండా కర్ర నీడ ఎంతవరకు వచ్చిందో చూసి, వచ్చి సంతకం పెట్టేది. ఒక వారమంతా మబ్బు పట్టి, క్లాసులు చీకటి పడేదాకా సాగాయి. ఎకనామిక్సు మాస్టారు ఆ వారంలోనే సిలబసు రెండుసార్లు పూర్తి చేశారు.

కూలరు ఆగినప్పుడల్లా ఆమెను పిలిచేవాళ్లు. ఆమె ఒక గ్లాసు నీళ్లు తాగి, చల్లగానే ఉన్నాయని రాసి ఇచ్చేది. డిసెంబరు చలికి ఆమె గొంతు పోయింది. గొంతు లేని మనిషి మనిషేనా అని ఒక సందేహం లేచింది గాని, ఉత్తర్వులో చూచి అనే ఉంది, చెప్పి అని లేదు గనక ప్రిన్సిపాలు గారు ఆ సందేహాన్ని కొట్టిపారేశారు. నాలుగో గదిలో ట్యూబులైటు వెలిగినప్పుడల్లా ఒకరు పరిగెత్తుకుంటూ వచ్చేవారు. ఆమె వెళ్లేలోపు అది ఆరిపోయేది. ఆరిపోవడం ఇంకో నిర్ణయం. దానికి ఇంకో కాగితం పెట్టాల్సి వచ్చేది.

క్లాసులు పోతున్నాయన్నదే ఆమెకు దిగులు. గెస్టు లెక్చరరు హేమసుందరు గారు యంత్రాల నిర్ణయాలలో మనిషి పాత్ర అన్న పాఠం నాలుగు రోజులు చెప్పారు. ఆ నాలుగు రోజులూ ఆమె ఇన్వర్టరు గదిలో ఉంది. నోటు పుస్తకంలో సంతకం పెడతానంటే, అది విద్యార్థుల పుస్తకం, మనిషికి వేరే షీటు ఉంటుందన్నాడు సన్యాసప్పారావు. ఆ షీటు మీద ఆన్ డ్యూటీ అని రాసి ఫైలులో పెట్టేవాడు. ఎంత జాగ్రత్తగా పెట్టేవాడంటే ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు.

ఆయన చెడ్డవాడు కాదు. ఆమె అవస్థ చూడలేక ఒక మధ్యాహ్నం కుర్చీ లాక్కుని వచ్చి కూర్చున్నాడు. ఇంటినుంచి తెచ్చుకున్న చేగోడీలు బల్ల మీద పెట్టి, ఉద్యోగ రహస్యం చెప్పాడు.

"చూడమ్మా, ఫైలు మీద చూడడమైనది అని రాస్తాం కదా. చూశామని కాదు దానర్థం. ఫైలు మన బల్ల మీదుగా పోయిందని. నువ్వు నిజంగా చూస్తూ కూర్చున్నావు. అందుకే ఆలస్యం అయిపోతోంది."

"చూడకపోతే నేనెందుకు సార్ ఇక్కడ? ఆ మిషనే సంతకం పెట్టుకోదా?" అంది పైడితల్లి.

సన్యాసప్పారావు అందుకోబోయిన చేగోడీని వదిలేశాడు. ముప్ఫై ఏళ్లలో తనను ఎవరూ ఈ ప్రశ్న అడగలేదన్నాడు. చేగోడీలు అక్కడే మరిచిపోయి వెళ్లిపోయాడు.

జనవరిలో కంప్యూటరు ఒక జాబితా తీసింది. నలభై ఒక్క మంది విద్యార్థులు క్లాసులకే రావడం లేదని, వాళ్ల బస్సు పాసులు రద్దు చేయాలని. పైడితల్లి ఆ నలభై ఒక్క పేర్లూ చదివింది. అందులో తొమ్మిది మంది ఆ పొద్దున ఆమెకు నమస్కారం పెట్టినవాళ్లు. అందరూ ఏ గదిలో కూర్చుంటారని ఆరా తీస్తే ఆరో గది. వేలు పెట్టేది గేటు దగ్గరే, క్లాసు హాజరు మాత్రం గదిలో కెమెరా లెక్క. వెళ్లి చూస్తే, అక్కడ గోడకున్న కెమెరా ఎప్పుడో వదులై పక్కకి తిరిగిపోయి, రెండు నెలలుగా బీరువా తలుపునే చూస్తోంది. బీరువా మాత్రం వంద శాతం హాజరు. ఆమె సంతకం పెట్టనని రాసి, ఎందుకో కూడా రాసింది. పాసులు నిలబడ్డాయి. నలభై ఒక్క మందీ మెట్ల దగ్గరకి వచ్చారు, ఒక్కొక్కరూ తన పాసు చూపించి వెళ్లారు. ఆ రోజు పైడితల్లి ఇంటిదాకా నవ్వుకుంటూ నడిచింది. సూరమ్మకు బియ్యం ఆగిన నాడు ఇలా ఒక్కరు లేచి చూసి ఉంటే సరిపోయేది కదా అనుకుని, దారిలోనే కళ్లు తుడుచుకుంది కూడా.

ఈ సంగతి పైకి పాకింది. మార్చిలో తనిఖీ బృందం దిగింది. బృందం అధ్యక్షుడు గారు మెట్ల కింద బల్లను మూడు వైపులనుంచీ పరిశీలించి, "మీ మనిషి పనిచేయు స్థితిలో ఉన్నదా?" అని ప్రిన్సిపాలు గారిని అడిగారు. పూర్తిగా పనిచేస్తోందని ప్రిన్సిపాలు గారు హామీ ఇచ్చారు. నమూనాకి ఒక సంతకం పెట్టి చూపించమన్నారు. కాగితం చదివాక పెడతానంది పైడితల్లి. అది ముప్ఫై పేజీలుంది. బృందం నిలబడే ఎదురుచూసింది. చివరికి "జిల్లాలో నిఖార్సయిన మనిషి గల ఏకైక కళాశాల ఇదియే. వేగము మెరుగుపరచవలెను" అని రాసి వెళ్లింది. ఆ కాగితానికి ఫ్రేము కట్టించి ప్రిన్సిపాలు గారు తన కుర్చీ వెనక తగిలించారు. చుట్టుపక్కల కాలేజీల వాళ్లు చూసి అసూయపడ్డారు.

మేలో పరీక్షలయ్యాయి. పైడితల్లి ఇంట్లో చదువుకుని రాసి, క్లాసులో మొదటి స్థానంలో వచ్చింది. విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టింది. ఇక కావలసింది కాలేజీ ఇచ్చే బదిలీ సర్టిఫికెట్టు. జూన్ ముప్ఫైలోగా పట్టుకెళ్లి ఇవ్వాలి. అది చేత్తో రాసిచ్చేది కాదు, కంప్యూటరే తీయాలి. ఆఫీసులో మీట నొక్కగానే కాగితం వచ్చింది. అడుగున మనిషి సంతకం అని చుక్కల గీత ఉంది.

సన్యాసప్పారావు ఆ గీత కేసి చూశాడు. పైడితల్లి కేసి చూశాడు. కాగితాన్ని మళ్లీ సొరుగులో పెట్టాడు.

ఆమె నేరుగా ప్రిన్సిపాలు గదిలోకి వెళ్లింది. విశ్వపతి గారు ఆమెను కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, ఎంతో గౌరవంగా వివరించారు. ఆమె సర్టిఫికెట్టుతో ఆమెకు సంబంధం ఉంది. సంబంధం ఉన్నవారు సంతకం పెట్టరాదు. కాబట్టి వేరే మనిషి పెట్టాలి. వేరే మనిషి కోసం కమిటీని మళ్లీ కూర్చోబెట్టాననీ, వాళ్లు క్షుణ్ణంగా వెతికి నివేదిక ఇచ్చారనీ చెప్పి, ఆ నివేదికను పైకి చదివారు. "కళాశాల ఆవరణలో, ప్రిన్సిపాలు మొదలు రాత్రి కాపలాదారు వరకు, మరియొక మనిషి లేరని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." కింద కమిటీ సభ్యులందరూ సంతకాలు పెట్టారు. మొదటి సంతకం ఆయనదే.

"సార్, మీరూ మనిషి కాదని మీరే సంతకం పెట్టారా?" అంది పైడితల్లి.

"నిబంధనల మేరకు. వ్యక్తిగతంగా నాకూ బాధగానే ఉంది."

పోనీ మనిషి ఉద్యోగానికి రాజీనామా ఇస్తానంది. అలా ఒక పోస్టు ఉంటేనే కదా రాజీనామా, ఇది ఉద్యోగం కాదు, స్థితి అన్నారాయన. వయసు దాటిపోతుంది సార్ అని బతిమాలింది.  మీవంటి మనిషిని వదులుకుంటే ఈ కళాశాల ఏమైపోవాలని ఆయన నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కాఫీ చల్లారిపోయింది.

జూన్ ఇరవై ఎనిమిదిన సన్యాసప్పారావు ఒక ఫైలు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఒక్క దారుందమ్మా. దీన్ని చూడకుండా సంతకం పెట్టెయ్. చూడకుండా పెట్టిందని నేనే రిపోర్టు రాస్తాను. చూడనిది మనిషి కాదు కనక రేపటికల్లా నిన్ను మనిషి లెక్కలోంచి తీసేస్తాం. మనిషి లేని నాలుగు రోజులూ ఇక్కడ పాత పద్ధతే నడుస్తుంది, నీ సర్టిఫికెట్టు మామూలు విద్యార్థికి ఇచ్చినట్టు ఇచ్చేస్తాను. ఎల్లుండికి పట్నంలో ఉంటావు."

"ఇందులో ఏముంది సార్?"

"అదే వద్దంటున్నాను."

ఫైలు సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చింది. సూరమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పైడితల్లి పక్కన కూలబడి జరిగిందంతా చెప్పింది. సూరమ్మ గింజలు తీయడం ఆపలేదు. "సంతకమెట్టీసి ఎల్లిపో గుంటా. నా ఏలికి జరిగిందేదో జరిగిపోనాది. నీ సదువు నువ్వు సూసుకో" అంది.

పైడితల్లి పెన్ను తీసింది. మూసి ఉన్న ఫైలు ఒళ్లో పెట్టుకుంది. ఆఖరి పేజీ ఒక్కటి తిప్పి, చుక్కల గీత ఉన్నచోట పెడితే అయిపోతుంది. చూడకుండా సంతకం పెట్టే వాళ్లెందుకలా పెడతారో చదువుకోవడానికి, చూడకుండా సంతకం పెట్టి వెళ్లాలి. ఆ మాట మనసులో అనుకోగానే ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఫైలు విసిరేసినంత పని చేసింది. అది తెరుచుకుంది.

పదిహేడు మంది ఆడపిల్లల హాస్టలు సీట్లు రద్దు చేయాలంది కంప్యూటరు. ఎనిమిది కిలోమీటర్ల లోపు ఊళ్లవాళ్లకి హాస్టలు ఇవ్వరు. ఈ పిల్లల ఊళ్లకీ కాలేజీకీ దూరం నాలుగు కిలోమీటర్లేనని లెక్క తేల్చింది. పైడితల్లి ఊళ్ల పేర్లు పైకి చదివింది. అన్నీ ఏటి అవతలి ఊళ్లు.

సూరమ్మ అప్పుడు గింజలు తీయడం ఆపింది. "ఏటికి వంతెనేదే? బూర్జిగూడ మీంచి సుట్టు తిరిగి రావాల గదా. పాతిక మైళ్లు పైనే. పిట్టలకైతే నాలుగు కిలోమీటర్లే. ఆ పిల్లలేటి, ఎగిరొత్తారేటి?"

పైడితల్లి ఫైలు మళ్లీ ఒళ్లోకి లాక్కుంది.  సంతకం పెట్టనని రాసింది. ఎందుకు పెట్టదో పేజీన్నర రాసి, ఏరు ఎక్కడుందో బొమ్మ కూడా గీసింది. అది రాస్తున్నంతసేపూ తన సీటు పోతోందని ఆమెకు తెలుసు. బొమ్మలో వంతెన లేనిచోట గుండ్రంగా చుట్టి, కింద స్టాంపు వేసింది.

జూన్ ముప్ఫై వచ్చింది, పోయింది. ఆ రోజు కూలరు ఆరుసార్లు ఆగింది. ఆమె ఆరు గ్లాసుల నీళ్లు తాగింది.

జూలై రెండో వారంలో విశ్వవిద్యాలయం నుంచి ప్రిన్సిపాలు గారికి ఒక రహస్య లేఖ వచ్చింది. అదే ఉత్తర్వు వాళ్లకీ వచ్చిందట. నిర్ణయాలు తీసుకునే యంత్రాలు మూడు వేల నాలుగు వందలు తేలాయట. తొమ్మిది వందల మంది సిబ్బందినీ, అందులో నైతికత శాఖ ఆచార్యులు పద్నాలుగు మందినీ జల్లెడ పడితే ఒక్క మనిషీ దొరకలేదట. "మనిషి లభ్యముకానందున ప్రవేశములతో సహా సమస్త నిర్ణయములు నిలిచిపోయినవి. మనిషి లభించు వరకు అన్ని గడువులు పొడిగించడమైనది. తమ కళాశాల మనిషిని ఉన్నత విద్యా ప్రయోజనముల దృష్ట్యా డెప్యుటేషనుపై పంపవలసినదిగా కోరుచున్నాము."

విశ్వపతి గారు రెండు రోజులు బాధపడ్డారు. మూడో రోజు ఒప్పుకున్నారు. డెప్యుటేషను ఆర్డరు కంప్యూటరు తీసేది కాదు, సన్యాసప్పారావు చేత్తో రాసేది. చేత్తో రాసినదానికి మనిషి సంతకం అక్కర్లేదు. చదువుకోవడానికి రెండు నెలలుగా బయటపడలేకపోయిన పైడితల్లి, సంతకాలు పెట్టడానికి పది నిమిషాల్లో బయటపడింది. బస్టాండు దాకా పాసులు నిలబడ్డ నలభై ఒక్క మందీ, హాస్టలు సీట్లు నిలబడ్డ పదిహేడు మందీ వచ్చారు. సన్యాసప్పారావు చేగోడీల పొట్లం ఇచ్చాడు. ఈసారి పొట్లం ఇచ్చేముందు విప్పి, లోపలున్నవి చేగోడీలేనని చూసి మరీ ఇచ్చాడు.

విశ్వవిద్యాలయంలో ఆమెకు బల్ల వేసింది వరండాలో. ఎదురుగా ఉన్న హాలు గుమ్మం మీద సాంకేతిక నైతికత, మూడవ సంవత్సరం అని రాసి ఉంది. పిల్లలు లోపలికి వెళ్తున్నారు. ఆమె చూస్తూ కూర్చుంది.

రిజిస్ట్రారు గారు మొదటి కట్ట పంపించారు. కంప్యూటరు తిరస్కరించిన ప్రవేశ దరఖాస్తులు. ఆమె అలవాటు ప్రకారం ఒక్కొక్కటీ తెరిచి మొదటినుంచి చదువుతూ వచ్చింది. తొమ్మిదోది తెరిస్తే తన ఫోటో కనబడింది. మార్కులు ప్రథమ స్థానం. తిరస్కరణకు కారణం, హాజరు చాలదు. నవంబరు నుంచి మార్చి దాకా ఈ అభ్యర్థిని కాలేజీలో ఉన్నట్టు ఏ ఆధారమూ లేదు.

ఎంతోమంది కాగితాలు చూసి ఇది తప్పని రాసిన చెయ్యి, ఈ ఒక్క కాగితం దగ్గర ఆగిపోయింది. తప్పని ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ ఐదు నెలలూ ఆమె ఎక్కడుందో ఇక్కడ చెప్పగలిగింది ఆమె ఒక్కతే. ఒక్క మాట రాస్తే చాలు, చూసేవాళ్లు లేరు, అడిగేవాళ్లు లేరు.  ఆమె రాసింది: "ఈమె నాకు తెలుసు. కాబట్టి దీని మీద సంతకం పెట్టడానికి నేను తగను."

రిజిస్ట్రారు గారు ఆ కాగితం చూసి తల పట్టుకున్నారు. మనిషి సంతకం లేని తిరస్కరణ చెల్లదు. మనిషి సంతకం లేని ప్రవేశమూ చెల్లదు. "అభ్యర్థిని తిరస్కరింపబడలేదు, చేర్చుకొనబడలేదు. యథాతథ స్థితి కొనసాగించవలెను" అని రాసి ఫైలు కట్టించారు. ఎన్నాళ్లు అని ఆమె అడిగితే, ఇంకో మనిషి దొరికేదాకా అన్నారు.

మర్నాడు తొమ్మిదిన్నరకి పైడితల్లి బల్లను ఒక పక్క ఎత్తి లాగడం మొదలుపెట్టింది. ప్యూను పరిగెత్తుకొచ్చి, బల్ల వరండాలోనే ఉండాలన్నాడు. ఉత్తర్వు చూపించమంది. అతను ఆఫీసుకి పోయి తెచ్చాడు. మనిషి ఏం చూడాలో, ఎలా సంతకం పెట్టాలో, ఏ సిరా వాడాలో అన్నీ అందులో ఉన్నాయి. ఎక్కడ కూర్చోవాలో మాత్రం లేదు. ఆమె ఉత్తర్వు మొత్తం అతని ఎదుటే రెండుసార్లు చదివి, అతని చేత కూడా చదివించింది. అప్పుడు అతనే రెండో పక్క పట్టుకున్నాడు. ఇద్దరూ బల్లను హాల్లోకి తెచ్చి చివరి వరుస పక్కన వేశారు.

ప్రొఫెసరు గారు వచ్చి, కళ్లు చిట్లించి చివరి వరుస కేసి చూశారు. "మీరు ఈ క్లాసు విద్యార్థినా?"

"కాదండీ. మనిషిని," అంది పైడితల్లి.

ఆయన గోడ మీద హాజరు తెర కేసి చూశారు. ఆ మూల ఎవరూ లేరని అది చూపిస్తోంది. లేనివాళ్లను బయటికి పంపే నిబంధన ఏదీ ఆయనకు గుర్తుకు రాలేదు. సుద్దముక్క తీసుకుని, పాఠం మొదలుపెట్టారు. పైడితల్లి నోటు పుస్తకం తెరిచి తేదీ వేసుకుంది.